ఎక్స్‌పార్టీ తీర్పు పడ్డ రాజు కోసం: క్రీట్ దీవిలో ఆరు రోజులు

మొదటి రోజు: హెరాక్లియన్

హైస్కూల్లో మా ఇంగ్లిష్ మాస్టారు ఓ మధ్యాహ్నం మినోటార్ కథ చెప్పారు. గ్రీస్‌లోని క్రీట్ దీవిని మినోస్ అనే రాజు ఏలేవాడు. ఆయన ఓ కట్టడం కట్టించాడు, లోపలికి వెళితే దారీతెన్నూ దొరకదు, పేరు లాబిరింత్. అందులో ఎద్దు తల, మనిషి ఒళ్ళు ఉన్న మినోటార్. దానికి మేతగా ఏథెన్స్ నుంచి ఏడుగురు అబ్బాయిలు, ఏడుగురు అమ్మాయిలు రావాలి. చివరికి ఏథెన్స్ రాకుమారుడు థీసియస్ వచ్చి, మినోస్ కూతురు అరియాడ్నే ఇచ్చిన దారపుండ పట్టుకుని లోపలికి వెళ్ళి, మినోటార్‌ను చంపి అదే దారం వెంట బయటపడ్డాడు. క్లాసంతా థీసియస్‌కి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను.

ఆ తర్వాత గుంటూరులో ముప్పై ఏళ్ళ పైన సివిల్ కేసులు చూశాను. ప్రతివాది కోర్టుకు రాకపోతే వాది చెప్పిందే రికార్డుకెక్కుతుంది. దాన్ని ఎక్స్‌పార్టీ అంటాం. పాతకాలపు గ్రీకు రచయిత ప్లూటార్క్ రాసిన థీసియస్ జీవిత చరిత్ర చదువుతుంటే ఒక చోట ఆగిపోయాను. నోరూ, సాహిత్యమూ ఉన్న నగరంతో వైరం పెట్టుకోవడం ప్రమాదం అంటాడాయన. ఏథెన్స్ నాటకశాలల్లో మినోస్‌ను తిడుతూనే ఉన్నారట. కవి హెసియడ్ ఆయన్ని రాజులందరిలో రాజు లాంటి రాజు అన్నా, కవి హోమర్ దేవతల రాజైన జ్యూస్‌కి ఆంతరంగికుడన్నా లాభం లేకపోయిందట. అది చదివిన రోజే ఆ దీవి చూడాలనిపించింది. చూడటానికి ఇన్నేళ్ళు పట్టింది.

జర్మనీలో ఉద్యోగం చేసే మా అమ్మాయికి ఈ ఏప్రిల్ చివర్లో ఆరు రోజులు సెలవు దొరికింది. ఇద్దరం క్రీట్ ముఖ్య పట్టణం హెరాక్లియన్‌లో దిగేసరికి మధ్యాహ్నమైంది. సింహాల ఫౌంటెన్ దగ్గర కూర్చుని జున్ను పెట్టిన వేడి వేడి బుగాత్సా తిన్నాం. పల్చటి పొరలు, పైన పంచదార. ఆ ఫౌంటెన్‌ను వెనీస్ పాలకులు 1628లో కట్టించారు. ఊరి చుట్టూ గోడలూ, రేవులో కోటా కూడా వాళ్ళవే. చూశాం గానీ నా మనసంతా మర్నాటి మీదే ఉంది.

రెండో రోజు: క్నోసోస్

మినోస్ రాజభవనంగా చెప్పే క్నోసోస్ శిథిలాలు ఊరి నుంచి ఐదు కిలోమీటర్లు. సిటీ బస్సులో వెళ్ళాం. పొద్దున్నే గేటు తీసే వేళకు చేరితే పైన్ చెట్ల కింద నెమళ్ళు తిరుగుతున్నాయి.

లోపలికి అడుగుపెట్టగానే ఆర్థర్ ఎవాన్స్ విగ్రహం కనిపిస్తుంది. 1900 మార్చిలో ఇక్కడ తవ్వకం మొదలుపెట్టిన ఆంగ్లేయుడు. ఈ దీవి పాత నాగరికతకు మినోస్ పేరు మీద మినోవన్ అని ప్రచారం తెచ్చింది ఆయనే. అయితే ఇక్కడ మొదట పార వేసింది ఎవాన్స్ కాదు. హెరాక్లియన్ వ్యాపారి ఒకాయన 1878లోనే తవ్వించి, బారులు తీరిన పెద్ద పెద్ద కాగులు బయటపెట్టాడు. ఆయన పేరు మినోస్ కలోకెరినోస్. అవును, ఆయనా మినోసే. అప్పుడు క్రీట్ టర్కీ సుల్తాను కింద ఉంది. దొరికినవన్నీ ఇస్తాంబుల్‌కి తరలించేస్తారన్న భయంతో స్థానిక పెద్దలే ఆయన తవ్వకం ఆపించారు. తను దాచుకున్న వస్తువులు 1898 అల్లర్లలో ఇంటితో పాటే పోయాయి. మొదట కనిపెట్టినవాడి పేరు పక్కకు జరిగి, తర్వాత వచ్చినవాడి పేరు నిలిచింది. భూమి తగాదాల్లో ఇలాంటివి ఎన్ని చూశానో.

ఆ కాగులు ఇప్పటికీ ఉన్నాయి. పడమటి వైపు 18 పొడవాటి ఇరుకు గదులు వరసగా ఉన్నాయి. ఒక కాగు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నాకంటే ఎత్తుంది. చుట్టూ తాళ్ళు కట్టినట్టు మట్టితోనే చేసిన నగిషీ, ఆ తాళ్ళ మధ్య వరసలుగా చిన్న చిన్న చెవులు. నిజం తాళ్ళు ఆ చెవుల్లో దూర్చి పదిమంది పట్టి జరిపేవాళ్ళేమో. మూతి దగ్గర మట్టి మీద గీరినట్టున్న గీతలు. నూనె, ధాన్యం, తేనె ఇలాంటి వాటిలోనే నిలవ చేసేవారు.

తేనె అనగానే మినోస్ కొడుకు గ్లాకస్ గుర్తొచ్చాడు. ఎలుక వెంట పరుగెత్తుతూ తేనె కాగులో పడి చనిపోయిన పసివాడు. మినోస్ ఒక జ్యోతిష్కుణ్ణి శవంతో పాటు గదిలో పెట్టి తాళం వేయించి, బతికించమన్నాడు. ఆ గదిలోకి ఒక పాము వచ్చింది. అతను దాన్ని చంపాడు. రెండో పాము ఏదో ఆకు తెచ్చి మొదటిదాని మీద పెట్టి బతికించుకుంది. అదే ఆకుతో అతను పిల్లవాణ్ణి బతికించాడు. ఈ కథ ఏ మాస్టారూ మాకు చెప్పలేదు. రాక్షసుణ్ణి పెంచినవాడనే తప్ప, బిడ్డ పోయి పిచ్చెత్తిన తండ్రిగా మినోస్‌ను నేనెప్పుడూ ఊహించుకోలేదు.

ఇంకో కొడుకు కూడా పోయాడు. ఆండ్రోజియస్ ఏథెన్స్ వెళ్ళి ఆటల పోటీల్లో అందర్నీ గెలిచాడు. అక్కడే అతని చావు జరిగింది. ఎలా చనిపోయాడన్నది కథకో రకంగా ఉంటుంది గానీ ఏథెన్స్ నేల మీద, ఏథెన్స్ వాళ్ళ వల్ల అన్నది చాలా కథల్లో ఉంది. పద్నాలుగు మంది పిల్లల కప్పం పుట్టింది అక్కడి నుంచే. స్కూల్లో విన్న కథ ఆ కప్పంతోనే మొదలయ్యేది. దాని ముందు పేజీ ఎవరో చింపేశారు.

మినోస్ తప్పు చేయలేదని నేననడం లేదు. రాజ్యం నాదేనని నిరూపించడానికి సముద్రంలోంచి ఎద్దును పంపమని సముద్ర దేవుడు పొసైడన్‌ను వేడుకున్నాడు, దాన్ని మళ్ళీ నీకే బలి ఇస్తానన్నాడు. తెల్లటి ఎద్దు వచ్చింది. అందంగా ఉందని తన మందలో దాచుకుని వేరే ఎద్దును బలిచ్చాడు. దేవుడికిచ్చిన మాట తప్పాడు. ఆ కోపంతోనే పొసైడన్ రాణి పసిఫేకి ఆ ఎద్దు మీద మోహం పుట్టించాడు, మినోటార్ పుట్టాడు. ఆ బిడ్డకు ఆస్టేరియస్ అనే పేరుందని చాలామందికి తెలియదు. చిన్నప్పుడు మినోస్‌ను పెంచిన రాజు ఆస్టేరియన్. దాదాపు తాతగారి పేరే. ఇది తెలిసిన దగ్గర్నుంచి మినోటార్‌ను రాక్షసుడనడానికి నాకు నోరు రావడం లేదు.

సింహాసనం గదికి క్యూ కట్టాలి. జిప్సం రాతితో చేసిన చిన్న పీఠం, వీపు ఆనించుకునే పలక పైఅంచు అలలా వంపు తిరిగి ఉంటుంది. రెండు పక్కలా గోడ మీద సింహం ఒంటికి పక్షి తల ఉన్న గ్రిఫిన్‌లు. బొమ్మలు ఎవాన్స్ కాలంలో మళ్ళీ వేసినవి. పీఠం మాత్రం దొరికిన చోటే ఉంది. ఎవాన్స్‌కి ఇది మినోస్ సింహాసనం. అక్కడ కూర్చున్నది రాజు కాదు, పూజారిణి అని తర్వాతి పండితుల్లో చాలామంది అంటారు. కాంక్రీటుతో లేపిన ఎర్ర స్తంభాలు చూసి మొహం చిట్లించేవాళ్ళున్నారు. నాకూ కొన్ని చోట్ల అతిగానే అనిపించాయి. కానీ మెట్లదారి దగ్గర, పై అంతస్తు నుంచి వెలుతురు కిందికి జారుతుంటే, ఈ ఇంట్లో మనుషులు తిరిగారని నాకు అర్థమైంది ఆ కాంక్రీటు వల్లే.

దక్షిణం వైపు రెండు పెద్ద రాతి కొమ్ములు నిలబెట్టారు. వాటి మధ్యలోంచి చూస్తే యూఖ్తాస్ కొండ కనిపిస్తుంది. వెల్లకిలా పడుకున్న మనిషి మొహంలా ఉంటుంది. అది జ్యూస్ ముఖమని, ఆయన సమాధి అక్కడుందని క్రీట్ వాళ్ళ మాట. దేవుడికి సమాధేమిటని మిగతా గ్రీకులు వీళ్ళను అబద్ధాలకోరులన్నారు. ఈ దీవి వాళ్ళ మాట ఎవరూ నమ్మకపోవడం అప్పట్నుంచే ఉందన్నమాట.

మూడో రోజు: మ్యూజియం

హెరాక్లియన్ పురావస్తు మ్యూజియంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉన్నాం. మధ్యలో మా అమ్మాయి కాఫీకి వెళ్ళొచ్చింది, నేను వెళ్ళలేదు.

నల్లరాతి ఎద్దు తల ఒకటుంది. పూజలో ద్రవం పోసే పాత్ర అది. మెడ దగ్గర రంధ్రంలో పోస్తే మూతిలోంచి కారుతుంది. కన్ను స్ఫటికంతో చేసి, వెనక నుంచి ఎర్రరంగు వేశారు. ముక్కుపుటాల చుట్టూ తెల్లటి గవ్వ పొదిగారు. బంగారు పూత కొమ్ములు ఇప్పుడు పెట్టినవి. నుదుటి మీది జుట్టు పాయలు పాయలుగా చెక్కిన తీరు చూస్తే, ఎద్దును రోజూ చేత్తో నిమిరినవాడు చేసిన పనని తెలిసిపోతుంది. ఎద్దుకు భయపడే జనం చేసింది కాదు అది.

నేను వచ్చింది మాత్రం మట్టి పలకల కోసం. అరచేతిలో పట్టేంత పలకలు. పచ్చి మట్టి మీద రాసి ఆరబెట్టారు. క్నోసోస్ తగలబడినప్పుడు ఆ మంటకు కాలి గట్టిపడి నిలిచాయి. లీనియర్ బి అనే ఆ లిపిని 1952లో మైకెల్ వెంట్రిస్ చదివాడు. ఆయన వృత్తి ఆర్కిటెక్ట్. చదివితే పాత గ్రీకు భాష అని తేలింది. అంతకంటే పాతదైన లీనియర్ ఎ ఇప్పటికీ ఎవరికీ అంతుబట్టలేదు.

ఆ పలకల్లో కావ్యాలు లేవు, రాజుల పొగడ్తలూ లేవు. మా కోర్టులో నాజర్ రాసుకునే రిజిస్టర్లలా ఉంటాయి. ఫలానా చోట ఇన్ని గొర్రెలు, ఇంత ఉన్ని, ఇంత నూనె. అన్నీ కలిపితే గొర్రెలే సుమారు లక్ష. ఒక పలకలో దేవతలందరికీ కలిపి ఒక కుండ తేనె, లాబిరింత్ అమ్మవారికి ఒక కుండ తేనె అని ఉంది. అంటే లాబిరింత్ అనే మాట అప్పటికే ఉంది. కానీ దాని పక్కన కనిపించేది రాక్షసుడు కాదు, తేనె నైవేద్యం అందుకునే అమ్మవారు.

మినోస్ పేరు మాత్రం వీటిలో లేదు. వేల పలకలు దొరికిన ఆయన ఊళ్ళో, ఇది మినోస్ అనే రాజు గురించి అని చూపించగలిగే పలక ఒక్కటీ లేదు.

కానీ ఎద్దుల పేర్లున్నాయి. కాడికి కట్టే ఎద్దుల జతలు రాసిన పలకల్లో ఒక్కో ఎద్దుకూ పేరుంది. ఐవోలోస్ అంటే మచ్చలది. కెలైనోస్ అంటే నల్లది. స్తోమార్గోస్ అంటే తెల్లమూతిది. చిన్నప్పుడు మా తాతయ్య కొట్టంలో కర్రోడు, మచ్చోడు అని రెండు ఎద్దులుండేవి. మూడు వేల ఏళ్ళకు పైబడిన మట్టిలో అవే పేర్లు కనిపిస్తే గొంతు పట్టేసింది. మా అమ్మాయి "ఏంటమ్మా?" అని దగ్గరికొచ్చింది. "ఎద్దుల పేర్లు రాసుకున్నారే" అన్నాను. ఇంకేం చెప్పాలో తోచలేదు.

నాలుగో రోజు: గోర్టిన్, ఫైస్టోస్

అద్దె కారు తీసుకున్నాం. ముందు రోజు మాట్లాడుకున్న రేటు ఒకటి, పొద్దున కౌంటర్లో చెప్పింది ఇంకొకటి. గంటసేపు వాదన, టెన్షన్. చివరికి రాతపూర్వకంగా ఉన్న మెసేజ్ చూపిస్తే ఒప్పుకున్నారు. దక్షిణంగా దాదాపు గంట దారి. ద్రాక్ష తోటలు, ఆలివ్ తోటలు, గట్ల మీద ఎర్రటి పాపీ పూలు.

గోర్టిన్‌లో ఎప్పుడూ ఆకు రాల్చని ఒక చినార్ చెట్టుంది. జ్యూస్ ఎద్దు రూపంలో ఫినీషియా తీరం నుంచి యూరోపా అనే రాకుమారిని ఎత్తుకొచ్చి ఈ చెట్టు కిందే కలిశాడంటారు. వాళ్ళ కొడుకులే మినోస్, రాడమాంథిస్, సర్పెడన్. చెట్టును చూసి దండం పెట్టుకుని ముందుకు నడిచాను. నా కళ్ళు రోమన్ల కాలపు సభామండపం వెనక ఉన్న గోడను వెతుకుతున్నాయి.

ఇనప ఊచల వెనక, వంపు తిరిగిన రాతి గోడ నిండా అక్షరాలు. 12 నిలువు వరసలు, 600కు పైగా పంక్తులు. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దపు గోర్టిన్ చట్టం ఇది. మొదటి పంక్తి కుడి నుంచి ఎడమకు సాగుతుంది, రెండోది ఎడమ నుంచి కుడికి తిరుగుతుంది, మూడోది మళ్ళీ కుడి నుంచి. అక్షరాలు కూడా పంక్తితో పాటే అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. ఈ పద్ధతికి గ్రీకులో పెట్టిన పేరుకు అర్థం ఎద్దు మళ్ళినట్టు అని. చాలు చివర ఎద్దులు మళ్ళి పక్క చాలు పట్టడం చూసినవాళ్ళకు ఇంకే వివరణా అక్కర్లేదు. నేను వేలితో గాల్లో ఆ చాళ్ళ వెంట అటూ ఇటూ దున్నుతూ నిలబడ్డాను.

ఆ చట్టంలో మొదటి మాట ఇది: స్వతంత్రుడి గురించి గానీ బానిస గురించి గానీ దావా వేయబోయేవాడు విచారణకు ముందు అతణ్ణి పట్టుకుపోకూడదు. పట్టుకుపోతే జరిమానా, స్వతంత్రుడైతే పది స్టేటర్లు (అప్పటి నాణేలు), బానిసైతే ఐదు. విచారణ అయ్యాకే ఏదైనా. జీవితమంతా నమ్ముకున్న సూత్రాన్ని అంత పాత రాతి మీద చూస్తే ఎలా ఉంటుందో మాటల్లో పెట్టలేను. అదే పంక్తిలో బానిస విలువ సగమే కావడం కూడా చూశాను. గోడ మీద రెండూ ఉన్నాయి.

విడాకులైతే భార్య పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆస్తి ఆమెదే. దాని మీద వచ్చిన పంటలో సగం, ఆమె నేసిన బట్టలో సగం ఆమెవి. తండ్రి పోతే ఊళ్ళో ఇళ్ళు, పశువులు కొడుకులవి. మిగతా ఆస్తిలో ఒక్కో కొడుక్కి రెండు వంతులు, ఒక్కో కూతురికి ఒక వంతు. కూతురికి సగమేనా అని ఇప్పుడు అనిపించవచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతురికి పుట్టుకతో హక్కు ఇచ్చిన సవరణ 1986లో వచ్చింది, 1985 సెప్టెంబర్ 5 నుంచి అమలు. ఆ తేదీకి ముందే పెళ్ళయిన కూతుళ్ళకు అది వర్తించలేదు. నెలల తేడాతో హక్కు పోయిన ఆడవాళ్ళు మా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఏడ్చిన రోజులు నాకు గుర్తున్నాయి. దేశమంతటా మార్పు రావడానికి 2005 దాకా పట్టింది. ఆ గోడ ముందు నిలబడి, కనీసం ఒక వంతైనా రాయించుకున్న ఆ ఆడవాళ్ళెవరో అని ఆలోచించాను.

ఈ చట్టం మినోస్ రాసింది కాదు, ఆయన కథాకాలానికి ఎన్నో వందల ఏళ్ళ తర్వాతిది. కానీ తమ చట్టాలు మినోస్ నుంచి, రాడమాంథిస్ నుంచి వచ్చాయని క్రీట్ వాళ్ళు చెప్పుకునేవారు. ఏథెన్స్ నాటకాల్లో పిల్లల్ని మేతకు తెప్పించుకున్నవాడు, సొంత ఊళ్ళో చట్టానికి మూలపురుషుడు.

అక్కడి నుంచి ఫైస్టోస్, ఇంకో మినోవన్ రాజభవనం. ఇటలీ పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వి, క్నోసోస్‌లాగా మళ్ళీ కట్టకుండా దొరికింది దొరికినట్టు వదిలేశారు. వెడల్పాటి మెట్లు, కింద మెసారా మైదానం, ఉత్తరాన మంచు తలతో సిలోరిటిస్ శిఖరం. చాలా బాగుంది. కానీ ఆ గోడ చూశాక ఇంకేదీ బుర్రకెక్కలేదు.

ఐదో రోజు: ఇడా గుహ

ప్లేటో చివరి రోజుల్లో రాసిన 'చట్టాలు' ఒక నడకతో మొదలవుతుంది. ఎండాకాలం పొద్దున ముగ్గురు ముసలివాళ్ళు, ఏథెన్స్ వాడొకడు, క్రీట్ వాడొకడు, స్పార్టా వాడొకడు, క్నోసోస్ నుంచి కొండ మీది జ్యూస్ గుహకు నడుస్తుంటారు. మీ చట్టాలు చేసింది దేవుడా, మనిషా అని ఏథెన్స్ వాడు అడుగుతాడు. దేవుడే అంటాడు క్రీట్ వాడు. మినోస్ తొమ్మిదేళ్ళకోసారి తండ్రి జ్యూస్ దగ్గరికి వెళ్ళి, ఆయనతో మాట్లాడి, చట్టాలు తెచ్చేవాడని వాళ్ళ నమ్మకం. ఆ గుహ ఇదేనని కొందరు, తూర్పున డిక్టే గుహ అని కొందరు. క్నోసోస్ నుంచి పడమటి దారి పట్టిన ప్లేటో ముసలివాళ్ళ వెంట వెళ్ళాలనిపించి ఇడాకే వచ్చాం.

దారిలో అనోగియా. 1944 ఆగస్టులో జర్మన్ సైన్యం ఈ ఊరిని ఇల్లు వదలకుండా నేలమట్టం చేసింది. కాఫీ కొట్టు ముందు నల్లటి తలగుడ్డలు కట్టిన పెద్దాయనలు కూర్చున్నారు. ఒకాయన మా చేతుల్లో చిన్న గ్లాసులు పెట్టబోయాడు, రాకీ అనే అక్కడి సారా అట. నేను చేతులు జోడిస్తే నవ్వి తేనె, రొట్టె తెప్పించాడు. డబ్బు తీసుకోలేదు.

పైకి వెళ్ళే దారి పొడుగునా గొర్రెల మెడగంటలు. రాళ్ళు పేర్చి గుండ్రంగా కట్టిన కాపరుల గుడిసెలు. దారి పక్కనే జోమింథోస్, మినోవన్ కాలపు పెద్ద కట్టడం బయటపడిన చోటు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఆరు మినోవన్ కేంద్రాల్లో ఇదొకటి. అంటే క్నోసోస్ నుంచి గుహకు వెళ్ళేవాళ్ళు ఇటుగా నడిచారనడానికి రాళ్ళే సాక్ష్యం. పలకల మీది లక్ష గొర్రెలు ఎక్కడ మేసేవో కూడా ఇక్కడే అర్థమైంది.

నీడా మైదానం పైన కారు ఆపి, గుహ దాకా కాలిబాటన ఎక్కాలి. నీడపట్టున ఇంకా మంచుంది. ఒక చోట కాలు జారి మోకాలు చీరుకుంది. మా అమ్మాయి వెనక్కి పోదామంది. ఇంత దూరం వచ్చి గుమ్మం దాకా వెళ్ళకపోతే ఎలా అని నెమ్మదిగా ఎక్కాను. నోరు తెరిచిన పెద్ద గుహ. మంచు గుమ్మం దాకా పేరుకుని ఉంది, లోపల చీకటి, ఎక్కడో నీటి చుక్క పడుతున్న చప్పుడు. 1885లో ఇక్కడి నుంచే కంచు డాళ్ళు బయటపడ్డాయి. భక్తులు మొక్కుకుని ఇచ్చినవి.

ఒక రాజు తొమ్మిదేళ్ళ పాలనకు లెక్క చెప్పుకోవడానికి ఇంత ఎత్తు ఎక్కాడని ఒక దీవి ప్రజలు నమ్మారు. ఆ నమ్మకాన్ని కల్పించుకున్న మనుషుల మీద నాకు గౌరవం కలిగింది. గుమ్మం దగ్గర చాలాసేపు కూర్చున్నాం. కింద మైదానంలో గంటలు వినిపిస్తూనే ఉన్నాయి.

ఆరో రోజు: రేవు

సాయంత్రం ఏథెన్స్ రేవు పిరేయస్‌కి వెళ్ళే ఓడ ఎక్కాలి. పగలంతా కోట గోడ మీద కూర్చుని నోట్సు తిరగేశాను.

మినోస్ తరఫు సాక్ష్యం కొంత ఉంది. మనకు తెలిసినవాళ్ళలో నౌకాదళం మొదట కట్టినవాడు, సముద్రపు దొంగల్ని చేతనైనంత అణచినవాడు మినోస్ అని చరిత్రకారుడు తూసిడిడీస్ రాశాడు. రాసింది ఏథెన్స్ మనిషే. క్రీట్ వాళ్ళ వాదన కూడా ఫిలోకొరస్ అనే చరిత్రకారుడి ద్వారా ప్లూటార్క్ దాకా చేరింది. లాబిరింత్ ఒక జైలు మాత్రమే, తప్పించుకోలేకపోవడం తప్ప అందులో ఇంకే బాధా లేదు. ఆండ్రోజియస్ జ్ఞాపకార్థం మినోస్ ఆటల పోటీలు పెట్టి, గెలిచినవాళ్ళకు ఆ ఏథెన్స్ పిల్లల్ని బహుమతిగా ఇచ్చేవాడు. మొదట్లో గెలిచినవాడు టారస్ అనే సేనాపతి, అంటే ఎద్దు. అతను క్రూరుడు. పిల్లల్ని తినలేదు సరే, బానిసలుగా పంచిపెట్టాడన్నమాట. నా కక్షిదారు తరఫు సాక్ష్యమే ఆయన్ని పూర్తిగా గట్టెక్కించదు.

హోమర్ దగ్గర కూడా రెండు మాటలున్నాయి, అదీ ఒడిస్సీలో ఒకే అధ్యాయంలో. ఒక చోట కీడు తలపెట్టే మినోస్ అంటాడు. కొంత ముందుకు పోతే జ్యూస్ పుత్రుడు, కీర్తిమంతుడైన మినోస్ చనిపోయినవాళ్ళ లోకంలో బంగారు దండం పట్టుకుని తీర్పులు చెబుతుంటాడు. చుట్టూ మృతులు, కొందరు కూర్చుని, కొందరు నిలబడి, తమ న్యాయం అడుగుతుంటారు. ఆ దృశ్యం నాకు కొత్త కాదు. మా జిల్లా కోర్టు వరండా అది. మన యమధర్మరాజు లాగా, ఆయన కూడా లెక్క వినేవాడు.

ఆయన చావు మాత్రం దిక్కులేని చావు. లాబిరింత్ కట్టి పారిపోయిన డెడలస్‌ను వెతుక్కుంటూ సిసిలీ దాకా వెళ్ళాడు. మెలికలు తిరిగిన శంఖంలోంచి దారం దూర్చగలిగినవాడికి బహుమానం అని ఊరూరా చాటించాడు. ఒక రాజు తెచ్చి ఇచ్చాడు, చీమకు దారం కట్టి పంపారట. అలాంటి తెలివి ఒక్కడికే ఉందని మినోస్ పట్టేశాడు. కానీ ఆ రాజు కూతుళ్ళు స్నానాల గదిలో మరిగే నీళ్ళు పోసి చంపేశారు.

వెలుతురుండగానే ఓడ ఎక్కి పైడెక్కు మీద చోటు పట్టుకున్నాం. పక్క ఓడ మీద మినోవన్ అని కంపెనీ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. రేవుకు ఎదురుగా సముద్రంలో చెట్టూ చేమా లేని పొడుగాటి దీవి కనిపిస్తోంది. మా అమ్మాయి ఫోన్లో మ్యాప్ చూసి "దియా అంటమ్మా" అంది.

అరియాడ్నేను థీసియస్ క్రీట్ నుంచి తీసుకుపోయాడు గానీ ఏథెన్స్ దాకా తీసుకెళ్ళలేదు. దియా అనే దీవిలోనే ఆమె చనిపోయిందని హోమర్ రాశాడు. ఆ దియా ఇదేననీ, కాదు నక్సోస్ అనీ రెండు మాటలున్నాయి. నక్సోస్ కథలో నిద్రపోతున్న పిల్లను వదిలేసి ఓడ ఎక్కేశాడు. దారపుండ ఇచ్చిన పిల్ల, తండ్రినీ ఇంటినీ కాదనుకుని వచ్చిన పిల్ల. ఆ రోజు క్లాసులో చప్పట్లు కొట్టేటప్పుడు ఆ పిల్ల ఏమైందని మాలో ఒక్కరం కూడా అడగలేదు.

ఓడ కదిలింది. దియా పక్కగా పోతున్నంతసేపూ డెక్కు అంచున నిలబడ్డాం. అమ్మాయి తన శాలువా సగం నా భుజం మీద కప్పింది. దీవి మీద ఒక్క దీపం కూడా లేదు.